ఆ తుపాకి ఆ చేతికి ఎలా వచ్చింది?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

చారిత్రక నాటకాల రంగసామగ్రి గురించి కిందటి సంచికలో రాసిన నాలుగు మాటలకు గోదావరి జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఒక్క వస్తువు చుట్టూనే తిరిగాయి. అది తుపాకి. గద, విల్లు, కత్తి విషయంలో మనవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. తరాలుగా చేతికి అలవాటైన సామాను అది. తుపాకి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అద్దెకు ఏది దొరికితే అది పట్టుకొని రంగం ఎక్కేస్తున్నారు. గూఢచారి కథల మీద మోజు పెరిగిన ఈ రోజుల్లో ఈ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవడం అవసరమనిపించి, ఈ సంచికంతా దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: అయ్యా, నమస్కారం. ఈసారి పరిషత్తు పోటీల కోసం మేము ఒక గూఢచారి నాటకం సిద్ధం చేస్తున్నాం. కథ 1942 ఏప్రిల్‌లో, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేసిన రోజుల్లో జరుగుతుంది. రేవుకు వచ్చే ఓడల వివరాలను శత్రువుకు చేరవేసే గూఢచారి, అతణ్ణి వెంటాడే సి.ఐ.డి. ఇన్‌స్పెక్టరు, ఒక ఇంగ్లీషు సైనికాధికారి, ఒక జమీందారు, ఇద్దరు కానిస్టేబుళ్ళు ప్రధాన పాత్రలు. హైదరాబాదులో సినిమా సామాన్లు అద్దెకిచ్చే చోటి నుంచి కొన్ని పిస్తోళ్ళు, రెండు మెషిన్ గన్‌లు తెచ్చాం. గూఢచారికి మాత్రం జపాను నంబూ పిస్తోలు ప్రత్యేకంగా చేయిద్దామనుకుంటున్నాం. సామాను చూసి మా ఊరి మాజీ సైనికుడొకరు నవ్వి వెళ్ళిపోయారు. ఏ పాత్రకు ఏ తుపాకి ఇవ్వాలో చెప్పగలరు. ఫొటోలు జతచేశాం.
– నాటక సమాజం కార్యదర్శి, రామచంద్రపురం

సమాధానం: ముందుగా ఆ మాజీ సైనికుడి ఇంటికి వెళ్ళి ఆయనను రిహార్సళ్ళకు పిలవండి. తుపాకి ఎలా పట్టుకోవాలో, ఎలా భుజాన వేసుకోవాలో, ఎప్పుడు ట్రిగ్గరు మీద వేలు పెట్టకూడదో ఆయన ఒక పూటలో నేర్పగలిగినంత ఈ శీర్షిక పది సంచికల్లోనూ నేర్పలేదు.

ఇక ఫొటోల సంగతి. మీరు తెచ్చిన పిస్తోళ్ళలో అధిక భాగం గ్లాక్ నమూనాకు నకళ్ళు. పలకలుగా ఉన్న నల్లటి ఒళ్ళు, ప్లాస్టిక్ పిడి చూడగానే తెలిసిపోతున్నాయి. ఆ తుపాకి 1980లలో ఆస్ట్రియాలో పుట్టింది. మెషిన్ గన్‌లు రెండూ కలాష్నికోవ్ రకానివి. ఏకే 47 అనే పేరులోనే దాని పుట్టిన ఏడు ఉన్నది. అంటే మీ కథ నాటికి ఇవేవీ లేవు. వీటిని అద్దె దుకాణానికి తిరిగి పంపించేయండి.

వీటి బదులు ఏ నమూనాలు తేవాలి అన్నది మీ ప్రశ్న. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మొదట అడగవలసింది, ఆ తుపాకి ఆ పాత్ర చేతికి ఎలా వచ్చిందని. 1878 నాటి ఆయుధాల చట్టం వచ్చాక సామాన్య భారతీయుడు లైసెన్సు లేకుండా తుపాకి దగ్గర ఉంచుకోవడం నేరం. సైన్యం వాడే .303 వంటి కొలతల తూటాలు పౌరులకు పూర్తిగా నిషిద్ధం. కాబట్టి 1942లో గోదావరి డెల్టాలో ఒక మనిషి చేతిలో తుపాకి కనబడిందంటే అది సైన్యం కొట్టు నుంచైనా రావాలి, పోలీసు ఆయుధాగారం నుంచైనా రావాలి, కలెక్టరు ఇచ్చిన లైసెన్సు మీదనైనా రావాలి, లేదా రేవులో సుంకం వాళ్ళ కళ్ళుగప్పి ఓడ దిగైనా రావాలి. ఈ నాలుగు దారుల్లో ఏదో మీరు తేల్చుకుంటే నమూనా దానంతటదే తేలుతుంది.

సైనికాధికారిది తేలిక. ఆయనకు రివాల్వర్ ఇవ్వండి. వయసు మళ్ళిన అధికారి అయితే 1915లో సైన్యం స్వీకరించిన .455 కొలత వెబ్లీ ఆరో మార్కు, కుర్రవాడైతే 1932లో వచ్చిన .38 కొలత ఎన్‌ఫీల్డ్. ఈ రెండూ దాదాపు ఒకే పోలికలో ఉంటాయి. ఎంత పోలిక అంటే, ప్రభుత్వ కార్ఖానా తమ నమూనాను వాడుకున్నదని వెబ్లీ కంపెనీ పరిహారం కోరేదాకా వెళ్ళింది. రంగం మీద వీటికి ఒక గొప్ప సౌలభ్యం ఉంది. తూటాలు నింపాలంటే ఎడమపక్కన, తూటాను కొట్టి పేల్చే సుత్తికి దిగువనున్న మీటను బొటనవేలితో నొక్కాలి. అప్పుడు తుపాకి నడుము దగ్గర మడతపడి గొట్టం కిందికి వంగుతుంది. వంగుతూండగానే తూటాలు కూర్చే గుండ్రటి సిలిండరు మధ్య నుంచి నక్షత్రం ఆకారంలో ఒక ఇనుప పలక పైకి లేచి, ఆరు ఖాళీ తొడుగులనూ ఒక్కసారిగా బయటికి నెట్టి, టక్కున వెనక్కి పడిపోతుంది. ఆరు ఇత్తడి తొడుగులు చెక్క రంగస్థలం మీద గలగలమని రాలే చప్పుడు చివరి వరుస దాకా వినబడుతుంది. అధికారి భయపడ్డాడని చెప్పడానికి ఆ తర్వాత డైలాగు అక్కరలేదు. పిడి అడుగున ఉన్న రింగుకు ఖాకీ తాడు కట్టి, దాని రెండో కొసను ఆయన మెడలో వేయడం మరవకండి.

ఇన్‌స్పెక్టరుకు అదే వెబ్లీ కంపెనీ పోలీసుల కోసం, పౌరుల కోసం చేసిన .38 కొలత చిన్న రివాల్వర్ సరిపోతుంది. దాన్ని కోటు లోపల ఉంచి, నాటకం సగం గడిచేదాకా బయటికి తీయించకండి.

కానిస్టేబుళ్ళ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మామూలు కానిస్టేబుల్‌కు లాఠీయే ఆయుధం. రేవు దగ్గర కాపలా కాసే సాయుధుడికి తుపాకి ఇవ్వాలనుకుంటే అది .410 మస్కెట్ కావడం సబబు. పైకి చూస్తే అది అచ్చం సైన్యం వాడే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలే. బెంగాల్లోని ఇషాపూర్ కార్ఖానాలో అటువంటి రైఫిళ్ళను పోలీసులకు, కాపలావాళ్ళకు పనికివచ్చేలా మార్చారు. తూటాను గిరగిర తిప్పే మరలు లేకుండా గొట్టాన్ని నున్నగా చేశారు. పది తూటాలు పట్టే మేగజీను స్థానంలో చెక్కముక్క బిగించారు. ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పెట్టి పేల్చాలి. 1857 తిరుగుబాటు తర్వాత దేశీయ సిపాయిలకు మరలు లేని నున్నటి గొట్టాల తుపాకులు ఇచ్చిన ప్రభుత్వానికి ఇది కొత్త ఆలోచనేమీ కాదు. తుపాకి ఇచ్చినట్టూ ఉండాలి, ఇవ్వనట్టూ ఉండాలి. మీ నాటకంలో కానిస్టేబుల్ ఒక్క తూటా పేల్చి, అది గురి తప్పి, వణికే వేళ్ళతో తోలు సంచిలో రెండో తూటా కోసం వెతుక్కుంటూంటే గూఢచారి పారిపోయాడనుకోండి. ఆ దృశ్యంలో కథ ముందుకు నడుస్తుంది, అప్పటి పాలన తీరు కూడా కనబడుతుంది.

రేవులో సైనికులు కూడా ఉంటే వారికి .303 లీ ఎన్‌ఫీల్డ్ ఇవ్వండి. అద్దెకు తెచ్చేటప్పుడు మేగజీను అడుగు చూడండి. అది ఏటవాలుగా ఉంటే .303. చదరపు డబ్బాలా ఉంటే అది అదే ఇషాపూర్ కార్ఖానా 1960లలో 7.62 కొలతకు చేసిన రైఫిల్‌కు నకలు. మన పోలీసుల భుజాల మీద చాలాకాలం కనిపించింది కాబట్టి అచ్చులు పోసేవాళ్ళు ఎక్కువగా దీన్నే చూసి చేస్తారు. నాటకంలో ఇది తెలియకపోవచ్చు గానీ, లఘుచిత్రం తీసేవాళ్ళకు కెమెరా దగ్గరగా వెళితే దొరికిపోతుంది. అలాగే బోల్టు దగ్గరి పట్టీ మీద ముద్ర చూపించేటట్టయితే, కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. (జార్జి రాజు, చక్రవర్తి) అనే ఇంగ్లీషు అక్షరాలు ఉండాలి. మూడు సింహాలు ఉంటే అది స్వాతంత్ర్యం తర్వాతిది.

జమీందారు గారి హాల్లో జోడు గొట్టాల పన్నెండు బోరు తుపాకి గోడకు తగిలించండి. కొల్లేటి పక్షుల వేట ఆ రోజుల్లో పెద్దింటి వినోదం కనుక దానికి వేరే సంజాయిషీ అక్కరలేదు.

చివరగా గూఢచారి. నంబూ పిస్తోలు వద్దు. జపాను సైన్యం 1925లో తీసుకొచ్చిన ఆ పద్నాలుగో రకం పిస్తోలుకు కావలసిన 8 మిల్లీమీటర్ల తూటా జపానువాళ్ళు తప్ప ఎవరూ వాడనిది. కాకినాడలో ఎక్కడా దొరకదు, పట్టుబడితే మారు మాట లేకుండా ఉరికంబం ఎక్కిస్తుంది. ఏ దేశం తరఫున పనిచేస్తున్నాడో చాటుకుంటూ తిరిగేవాణ్ణి గూఢచారి అనలేం. అతనికి జేబులో ఇమిడే .32 పిస్తోలు ఇవ్వండి. జాన్ బ్రౌనింగ్ రూపొందించగా బెల్జియంలో తయారైన 1910 రకం పిస్తోలు బాగుంటుంది. దానికి పైకి కనిపించే సుత్తి లేదు, జేబు అంచుకు తగులుకునే గరుకు భాగమూ లేదు. 1931లో అలహాబాదు పార్కులో చంద్రశేఖర్ ఆజాద్ చేతిలో ఉన్న .32 కోల్ట్ కూడా అదే బ్రౌనింగ్ రూపకల్పన. దాని సుత్తి కూడా లోపలే దాగి ఉంటుంది. ఇప్పుడది అలహాబాదు మ్యూజియంలో ఉంది. ఆ ఫొటో చూసి నకలు చేయించుకోవచ్చు. అన్నట్టు, అసలు గూఢచారికి తుపాకే లేకుండా చేసే ఆలోచన కూడా ఒకసారి చేసి చూడండి. ఓడల పేర్లు రాసుకున్న చిన్న కాగితం అతని దగ్గర దొరకడం తుపాకి దొరకడం కంటే ప్రమాదకరం కదా.

ప్రశ్న: పై నాటకంలో మెషిన్ గన్ ఎవరికైనా ఇవ్వవచ్చా? స్టెన్ గన్ అప్పటిదే కదా?
– అదే సమాజం దర్శకుడు

సమాధానం: స్టెన్ గన్ 1941లో ఇంగ్లండులో పుట్టింది. అప్పుడప్పుడే తయారవుతున్న ఆ తుపాకి 1942 ఏప్రిల్ నాటికి కాకినాడ రేవు కాపలాకు చేరిందంటే నమ్మబుద్ధి కాదు. అంతగా కావాలంటే ఇంగ్లీషు సైన్యం 1940లోనే కొనడం మొదలుపెట్టిన అమెరికన్ థామ్సన్ ఒకటి చాలు. 1944 నాటి కథలో స్టెన్ నిరభ్యంతరంగా వాడుకోండి. అప్పుడు కూడా ఎడమవైపుకు అడ్డంగా పొడుచుకొచ్చిన మేగజీనును నటుడు గుప్పిట పట్టి పేల్చకుండా చూడాలి. అలా పట్టుకుంటే అసలు తుపాకి మొరాయిస్తుంది. సినిమాల్లో అందరూ అలాగే పట్టుకుంటారు కనుక మీవాడూ అలాగే పట్టుకుంటాడు. రిహార్సల్లో మాన్పించాలి.

ప్రశ్న: మా ఊరు 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉండేది. మేము రాసుకుంటున్న కథలో కాకినాడ నుంచి తాళ్ళరేవు మీదుగా పారిపోయి వచ్చిన జర్మన్ గూఢచారి యానాంలో తలదాచుకుంటాడు. ఫ్రెంచి పోలీసుల చేతుల్లో కూడా ఇంగ్లీషు తుపాకులే చూపించవచ్చా?
– పాఠశాల ఉపాధ్యాయిని, యానాం

సమాధానం: తుపాకుల కంటే ముందు కథలో ఒక చిక్కు ఉంది. ఫ్రెంచి ఇండియా 1940లోనే, జర్మనీతో పోరు సాగిస్తున్న ఫ్రెంచి సేనాని డీగాల్ పక్షం చేరింది. కనుక యుద్ధకాలంలో యానాం జర్మనీ మనిషికి నిర్భయమైన చోటు కాదు. అయినా ఊరు ఫ్రెంచి ఏలుబడిలోనిదే కాబట్టి ఇంగ్లీషు ఇన్‌స్పెక్టరు తుపాకి తీసుకొని నేరుగా చొరబడలేడు. సరిహద్దు దగ్గర అతను రివాల్వర్ విప్పి తన జవానుకు అప్పగించి, ఖాళీ చేతులతో ఊళ్ళోకి రావడం మీ కథకు మంచి మలుపు కాగలదు.

ఫ్రెంచి చేతుల్లో ఫ్రెంచి ఆయుధాలే చూపించండి. అప్పుడు ప్రేక్షకుడికి సరిహద్దు దాటామని చెప్పే బోర్డు అక్కరలేదు. అధికారికి 1892 రకం 8 మిల్లీమీటర్ల రివాల్వర్ ఇవ్వవచ్చు. అది వెబ్లీలా నడుము దగ్గర మడతపడదు. సిలిండరు పక్కకు తెరుచుకుంటుంది, అదీ కుడివైపుకు. ఎడమవైపుకు తెరుచుకునే రివాల్వర్లు చూసిన కంటికి ఆ ఒక్క కదలిక వింతగా తోస్తుంది. సిపాయికి 1886 నాటి లెబెల్ రైఫిల్ ఇవ్వండి. పొగరాని మందుతో పేలే సైనిక రైఫిళ్ళలో అదే మొదటిది. తూటాలు గొట్టం కిందనున్న మరో గొట్టంలో వరుసగా ఉంటాయి. అందువల్ల ట్రిగ్గరు ముందు మేగజీను డబ్బా కనిపించదు. రైఫిల్ ఆసాంతం సన్నగా, పొడవుగా ఉంటుంది. మీ వడ్రంగికి కూడా పని తగ్గుతుంది.

ప్రశ్న: ఒక వెబ్ సిరీస్‌లో 1940ల నాటి గూఢచారి రివాల్వర్‌కు సైలెన్సర్ బిగించి కాలిస్తే ‘ఫుట్’ అని చిన్న చప్పుడు వచ్చింది. అది సాధ్యమేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

సమాధానం: సైలెన్సర్ అప్పటికి కొత్తదేమీ కాదు. అమెరికాలో హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. అయితే రివాల్వర్ మీద దాన్ని బిగించడం దాదాపు వ్యర్థం. తిరిగే సిలిండరుకూ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. తూటా పేలినప్పుడు వేడి వాయువు ఆ సందులోంచి కూడా చప్పుడుతో తన్నుకొస్తుంది. గొట్టం చివర ఎంత మూసినా లాభం ఉండదు. ఇందుకు రష్యావారి 1895 నాటి నాగాన్ రివాల్వర్ మినహాయింపు. సుత్తి వెనక్కి లాగినప్పుడు దాని సిలిండరు ముందుకు జరిగి గొట్టానికి అతుక్కుంటుంది. దానిలో తూటాలు కూడా ఆరు కాదు, ఏడు.

యుద్ధకాలంలో గూఢచారుల కోసమే ఇంగ్లండు చేసిన నిశ్శబ్ద పిస్తోలు వెల్‌రాడ్. 1942–43 ప్రాంతంలో తయారైంది. ఒక్కో తూటాకూ వెనకనున్న బిరడాను చేత్తో తిప్పి లాగాలి. పిడిలోనే మేగజీను ఉంటుంది. దాన్ని ఊడదీస్తే మిగిలేది సైకిలు పంపు లాంటి ఒక నల్లటి గొట్టం. సిరీస్ తీసినవారు దాన్ని పట్టుకొని ఉంటే నేనూ మెచ్చుకునేవాణ్ణి.

ప్రశ్న: నేను రాస్తున్న సీరియల్ కథ 1915లో, కలకత్తా–మద్రాసు రైలు మార్గం మీద నడుస్తుంది. బెంగాలీ విప్లవకారుడొకడు రాజమండ్రి స్టేషన్‌లో దిగుతాడు. అతని దగ్గర మౌజర్ పిస్తోలు ఉండవచ్చా?
– రచయిత, రాజమహేంద్రవరం

సమాధానం: ఉండవచ్చు. ఉండటమే కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మీరు ఒక్క వాక్యంలో చెప్పించవచ్చు. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రొడ్డా కంపెనీ అనే ఆయుధాల వ్యాపారులకు ఓడలో వచ్చిన సరుకు కస్టమ్స్ నుంచి కంపెనీ గిడ్డంగికి ఎడ్లబండ్ల మీద వెళుతుండగా, విప్లవకారులు ఒక బండిని దారి మళ్ళించి మాయం చేశారు. అందులో 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు ఉన్నాయి. సరుకు విడిపించిన గుమాస్తా విప్లవకారుల మనిషే. మరుసటి ఏడాది సెప్టెంబరులో బాలాసోర్ దగ్గర బాఘా జతిన్, ఆయన నలుగురు సహచరులు పోలీసులతో పోరాడింది ఈ మౌజర్లతోనే. మీ పాత్ర ఆ యాభైలో ఒకదాన్ని మోసుకొస్తున్నాడంటే కథకు పునాది గట్టిగా ఉంటుంది.

ఆ పిస్తోలుకు మేగజీను పిడిలో ఉండదు, ట్రిగ్గరు ముందు ఉంటుంది. తూటాలు అడుగు నుంచి పెట్టరు. పది తూటాలు గుచ్చిన సన్నని పట్టీని పైనుంచి ఆనించి బొటనవేలితో ఒక్క ఊపున లోపలికి దిగనొక్కుతారు. దాని ఒర కూడా చెక్కతో చేసిందే. ఆ ఒరను పిడి వెనక తగిలిస్తే భుజానికి ఆనించుకొని పేల్చే చిన్న రైఫిల్ అవుతుంది. రైలు పెట్టెలో చేతిసంచిలో దాచవలసినవాడికి ఆ చెక్క ఒర పెద్ద తలనొప్పి. మీరు దాన్ని కథలో వాడుకోవచ్చు.

ఇదే సందర్భంలో మన వైపు సంగతి కూడా గుర్తుంచుకోండి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వరుసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసింది అక్కడున్న తుపాకుల కోసం, తూటాల కోసం. మన్యంలో వాటిని కొనుక్కునే దారి లేదు. సీరియళ్ళలో విప్లవకారులందరి నడుముకూ తలా ఒక పిస్తోలు తగిలిస్తున్నప్పుడు ఈ మాట మనసులో మెదలాలి. ఒక బృందానికి రెండు తుపాకులు ఉండి, వాటి కోసం వాళ్ళలో వాళ్ళే వాదులాడుకోవడం చరిత్రకు దగ్గరగా ఉంటుంది, దృశ్యం కూడా రక్తి కడుతుంది.

ప్రశ్న: నేను నాటకాలకు సెట్టింగులు, సామాన్లు చేస్తాను. ఫైబరు అచ్చులో రివాల్వర్లు, కర్రతో రైఫిళ్ళు చేస్తున్నాను గానీ ఎంత నలుపు వేసినా బొమ్మలాగే కనిపిస్తున్నాయి. ఏం లోపం?
– రంగ కళాకారుడు, పాలకొల్లు

సమాధానం: లోపం బహుశా ఆ నలుపులోనే ఉంది. పాతకాలపు తుపాకుల ఉక్కు తారురోడ్డు నలుపులో ఉండదు. తుప్పు పట్టకుండా వేసిన పూత వల్ల నీలం కలిసిన నలుపులో ఉంటుంది. చేయి తగిలే చోట్ల, ఒరలోకి తోసి లాగే అంచుల దగ్గర ఆ పూత అరిగిపోయి ఉక్కు తెల్లగా మెరుస్తుంది. మీరు ముందు మెరుపులేని నలుపు వేసి, అది బాగా ఆరాక పెన్సిలు ములుకును పొడి చేసి, గుడ్డతో గొట్టం అంచుల మీద, సిలిండరు గాళ్ల మీద, ట్రిగ్గరు చుట్టూ ఉన్న కమ్మీ మీద రుద్దండి. ఫైబరు కూడా ఉక్కులా కనబడుతుంది. అంతా సమంగా రుద్దితే మళ్ళీ బొమ్మ అవుతుంది. వాడే మనిషి వేళ్ళు ఎక్కడ పడతాయో చూసుకొని అక్కడే రుద్దాలి.

రైఫిల్ కర్రకు వార్నిష్ వేయకండి. రంగస్థలం దీపాలకు అద్దంలా మెరుస్తుంది. సైన్యంలో లీ ఎన్‌ఫీల్డ్ కర్రకు అవిసె నూనె పట్టించేవారు. మీరూ అదే పట్టించి, ఒక వారం ఎండ తగలని చోట ఆరనిచ్చి, మళ్ళీ పట్టించండి. రంగు ముదురుతుంది, చెమట చేతికి జారదు. మన డెల్టా గాలిలో వానాకాలం కర్ర ఉబ్బి, అతుకులు బిగుసుకుపోతాయి. కదిలే భాగాలు ఉంటే కాస్త వదులుగా చేసుకోవడం మంచిది.

రెండోది బరువు. అసలు వెబ్లీ ఆరో మార్కు సుమారు 1.1 కిలోలు ఉంటుంది. .303 రైఫిల్ సుమారు 4 కిలోలు, పొడవు 113 సెంటీమీటర్లు. మీ ఫైబరు రివాల్వర్ పావుకిలో కూడా ఉండదు కనుక నటుడు దాన్ని విసనకర్రలా ఆడిస్తాడు. గొట్టంలో ఇనుప కడ్డీ, పిడిలో సీసం ముక్క పెట్టి అచ్చు పోయండి. అప్పుడు చేయి చాచి గురిపెట్టి నిలబడిన నటుడి భుజం కాసేపటికి తనంతట తానే దిగుతుంది, నటించమని చెప్పనక్కరలేదు. ఫైటింగ్ దృశ్యాల్లో మాత్రం ఈ బరువు తుపాకి వాడకండి. అదే అచ్చులో రబ్బరుది ఒకటి పోసి ఉంచుకోండి. ఖాళీ తొడుగులు కావాలంటే తణుకు పక్కన అజ్జరంలో ఇత్తడి పనివారు ఉండనే ఉన్నారు. కొలత ఇచ్చి, అడుగు మూసిన గొట్టాలుగా చేయించుకోండి. పాత తూటాల తొడుగులు ఎక్కడైనా దొరికాయి కదా అని ఇంటికి తెచ్చుకోకండి.

ఇంకొక్క మాట. ఇంత నిజంగా చేసిన సామానును బస్సులో చేతిలో పట్టుకొని ప్రయాణం చేయకండి. పెట్టెలో పెట్టి తాళం వేసి, సమాజం కార్యదర్శి ఇచ్చిన ఉత్తరం దగ్గర ఉంచుకోండి. ప్రదర్శన ఉన్న ఊరి పోలీసు స్టేషన్‌లో ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా తాతగారి జోడు గొట్టాల తుపాకి మా ఇంట్లో లైసెన్సుతో ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేసి రావడం తప్ప దానికి వేరే పని లేదు. మా అబ్బాయి నాటకంలో జమీందారు వేషం వేస్తున్నాడు. గుండు లేని ఉత్త తూటా పెట్టి ఒక్కసారి పేల్చితే సహజంగా ఉంటుందని అందరూ అంటున్నారు. మీ అభిప్రాయం?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం

సమాధానం: మాస్టారూ, దయచేసి వద్దు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఎవరి పేరున ఉందో వారే ఆ తుపాకి ఉంచుకోవాలి. మరమ్మతుకో, లైసెన్సు పునరుద్ధరణకో, లైసెన్సుదారు స్వయంగా వాడటానికో తప్ప ఇంకొకరు దాన్ని మోయడానికి కూడా వీల్లేదు. మీ అబ్బాయి వేషం ఈ మూడింటిలో ఏదీ కాదు.

చట్టాన్ని పక్కన పెట్టినా, ఉత్త తూటా నిరపాయమనేది అపోహ. అందులో గుండు లేకపోవచ్చు గానీ మందు ఉంటుంది, ఆ మందును లోపల బిగించి ఉంచే అట్టముక్కో మరొకటో ఉంటుంది. పేలినప్పుడు దగ్గరలో ఉన్నవారికి వేడి వాయువే గుండు దెబ్బ. 1984లో అమెరికన్ నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ చిత్రీకరణ విరామంలో సరదాకి ఉత్త తూటా ఉన్న రివాల్వర్‌ను కణతకు ఆనించి ట్రిగ్గరు నొక్కాడు, ప్రాణం పోయింది. 1993లో నటుడు బ్రాండన్ లీ మరణం ఇంకో తీరు. దగ్గరి దృశ్యం కోసం వాడిన డమ్మీ తూటా నుంచి ఊడిన గుండు గొట్టంలో ఇరుక్కున్నది ఎవరూ గమనించలేదు. తర్వాత అదే రివాల్వర్‌లో ఉత్త తూటా పెట్టి పేల్చినప్పుడు ఆ గుండు బయటికి దూసుకొచ్చింది. 2021లో న్యూ మెక్సికోలో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయినప్పుడయితే, చిత్రీకరణ స్థలంలో ఉండకూడని అసలు తూటాయే రివాల్వర్‌లో ఉంది. ఆయుధాల బాధ్యత చూసే మనిషిని జీతమిచ్చి పెట్టుకున్నచోటే ఇలా జరిగినప్పుడు, వేషం మార్చుకునే గదిలో పదిమంది పిల్లలు తిరిగే మన పరిషత్తు నాటకంలో అసలు తుపాకికి చోటు లేదు. పాలకొల్లు మిత్రుడిలాంటివారి చేత కర్రతో ఒకటి చేయించండి. తాతగారి తుపాకి పక్కన పెట్టి కొలతలు తీసుకోవడానికి మాత్రం, మీ ఇంట్లో, మీ ఎదుట, అభ్యంతరం లేదు.

ప్రశ్న: తుపాకి పేలినప్పుడు రంగం మీద పొగ ఎంత రావాలి? చప్పుడు ఎలా చేయాలి?
– శబ్ద, కాంతి సహాయకుడు, భీమవరం

సమాధానం: పొగ కథా కాలాన్ని బట్టి ఉంటుంది. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాత తుపాకిమందు వాడిన రోజుల్లో, అంటే 1857 గానీ 1879 నాటి రంప పితూరీ గానీ అయితే, ఒక్క వరుస తుపాకులు పేలేసరికి తెల్లటి దట్టమైన పొగ కమ్ముకొని ఎదుటివాడు కనబడేవాడు కాదు. ఇంగ్లీషు సైన్యం 1890లలో కార్డైట్ అనే పొగరాని మందుకు మారింది. కాబట్టి 1942 నాటకంలో రివాల్వర్ పేలితే పలచని చిన్న పొగ తీగ చాలు. పొగ యంత్రం ఉంది కదా అని జమీందారు హాలంతా నింపేయకండి.

చప్పుడుకు దీపావళి బిళ్ళల తుపాకి పనికిరాదు, ఒక్కోసారి పేలదు కూడా. రికార్డు చేసిన చప్పుడును స్పీకరులో వేయండి. రివాల్వర్‌కూ రైఫిల్‌కూ వేరు వేరు చప్పుళ్ళు ఉండాలి. ఆరుబయట పేలినదానికి చివర కాస్త ప్రతిధ్వని ఉండాలి, గదిలో పేలినదానికి అక్కరలేదు. గొట్టంలో చిన్న ఎల్.ఇ.డి. దీపం అమర్చి, ట్రిగ్గరు నొక్కగానే క్షణంపాటు వెలిగేలా చేస్తే మెరుపు కూడా వస్తుంది. దీపం వెలిగాక చప్పుడు ఆలస్యమైతే ప్రేక్షకులు నవ్వుతారు. అందుకని శబ్దం వేసే మనిషిని తెర వెనక కాకుండా, నటుడి మణికట్టు సూటిగా కనబడే పక్క రెక్కలో కూర్చోబెట్టండి. నటుడు నోటితో సైగ చేయకూడదు. ట్రిగ్గరు నొక్కే ముందు రెండో చేత్తో కోటు అంచు సర్దుకోవడమో, అటువంటిదే ప్రేక్షకుడికి పట్టని మరో గుర్తో ముందుగా అనుకొని, రిహార్సళ్ళ మొదటి రోజు నుంచే దాన్ని అలవాటు చేయించండి.